చేటలో మిగిలినవి

మూడు గుట్టల నడుమ ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్లో మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ. గొర్రెలున్న చోటికి తోడేళ్లు వస్తాయి. తోడేళ్లు వచ్చే చోట కుక్కలుండాలి. కుక్కలున్నాక ఏ పిల్లను ఉంచాలో, ఏ పిల్లను వదిలించుకోవాలో తేల్చే మనిషి ఉండాలి. ఆ పని చేసే ఆడమనిషి అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. చేట పట్టుకుని తిరిగేది కాబట్టి చేటమ్మ అనేవాళ్లు.

ఆ ఊరి ఆచారం ఏమిటంటే, కుక్క ఈనిన ఇరవై ఒకటో రోజున తల్లికి కాస్త జావ పోసి పక్కకు మళ్లించి, పిల్లలన్నిటినీ వెదురు చేటలో వేసేవాళ్లు. చేటమ్మ ముందు కూర్చుని ఒక్కోదాన్ని మెడ తోలు పట్టి ఎత్తి చూసేది. నాలుగింటిని ఉంచేది. మిగిలినవి వాగులోకి పోయేవి. అయ్యో పాపం అనకండి. మనుషులకే సంకటి చాలని ఊళ్లో ఈతకు పది కుక్కల్ని ఎవడు సాకుతాడు?

ఈ విద్య ఆమెకు అమ్మమ్మ నేర్పింది. ఆ ముసలిదానిది ఒకటే పట్టు. ఉంచిన నాలుగూ నాలుగు రకాలుగా ఉండాలి. ఒకటి మొరిగేది. ఒకటి కరిచేది. ఒకటి గాలిలో వాసన పట్టేది. ఒకటి ఒట్టి పిరికిది.

"మొరిగే కుక్క కరవదంటారుగా అమ్మమ్మా, దాన్నెందుకు ఉంచడం?" అని చేటమ్మ చిన్నప్పుడు అడిగింది.

"కరవడానికి ఇంకోటి ఉందిగా. దాని పని లేపడమే," అంది ముసలిది.

"మరి పిరికిదెందుకు?"

"తోడేలు గుట్ట దిగకముందే తోక ముడిచేది అదే. అది పరిగెత్తిందంటే మనం కర్ర అందుకోవాలని గుర్తు. పిరికిదని తీసిపారేయకు, దాని పిరికితనం మనకు గంటముందు కబురు."

"అన్నీ కరిచేవే ఉంటే సరిపోదా?"

ముసలిది నవ్వలేదు. "ఒకే గుణమున్న మంద ఒకే దెబ్బకు పోతుందే పిల్లా. రేపు తోడేలు ఏ దారిన వస్తుందో నీకు తెలుసా? నాకూ తెలీదు. తెలీనప్పుడు చేటలో నాలుగు రకాలూ ఉండనివ్వాలి. మనకు నచ్చింది ఉంచుకోవడం కాదు ఏరడమంటే." చేటమ్మకు ఆ మాట చచ్చేదాకా గుర్తుంది. గుర్తుండి ఏం లాభమో తర్వాత మీరే వింటారు.

ఆ ఊరికి దొర ఒకాయన ఉండేవాడు. చెడ్డవాడని నేను చెప్పను. చెయ్యి చేసుకునేవాడు కాదు, నోరు పారేసుకునేవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, మధ్యాహ్నం కునుకు. తిన్నాక తను ఉండే గడి అరుగు మీద పట్టెమంచం వేయించుకుని, పొద్దు వాలేదాకా పడుకునేవాడు. లోకం మునిగిపోయినా ఆ వేళ ఆయన చెవిన చిన్న చప్పుడు పడకూడదు.

ఒకనాడు కునుకు మధ్యలో కుక్క మొరిగింది. దొర లేచి కూర్చుని చేటమ్మను పిలిపించాడు. చేటమ్మకు అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. మొగుడు లేడు, ఎదిగిన కూతురు ఒకతి ఉంది.

"ఏమే చేటమ్మా, ఈ మొరిగేవాటిని ఎందుకు ఉంచుతున్నావు?" అన్నాడు దొర.

"తోడేలు వస్తే చెప్పడానికి దొరా."

"తోడేలు మనూరికొచ్చి ఎన్నేళ్లయింది?"

"ఆరేళ్లయింది దొరా."

"చూశావా మరి! రాని తోడేలు కోసం రోజూ ఈ గోలేమిటి? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అన్నారా?"

మొరుగుతున్నాయి కాబట్టే రావడం లేదు దొరా. ఈ జవాబు చేటమ్మ గొంతుదాకా వచ్చింది. ఆమె దాన్ని చేదుమందులా మింగేసింది. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని లోకమంతా చెబుతుంటే ఒంటరి ఆడది ఎదురు చెప్పి ఎక్కడ బతుకుతుంది?

"అలాగే దొరా," అంది.

కొత్త పరీక్ష ఎలా ఉండాలో దొరే చెప్పాడు. చాలా సులువైన పరీక్ష. పిల్లలు చేటలో ఉండగా వాటి నెత్తిన గట్టిగా చప్పట్లు కొట్టాలి. తలెత్తి గుర్రుమన్నది వాగులోకి పోతుంది. బెదిరి మూలిగిందీ పోతుంది. తోకాడించింది మిగులుతుంది. ఏరడానికి ఇక కన్నక్కరలేదు, బుద్ధక్కరలేదు, రెండు చేతులుంటే చాలు.

మొదటి చేట అయిన సాయంత్రం కూతురు గుమ్మంలోనే పట్టుకుంది. "ఎన్ని వేశావమ్మా వాగులో?"

"ఆరు."

"గుర్రుమన్నవన్నీనా?"

"అవును."

"నీకు చేతులెలా ఆడాయే తల్లీ? ఎందుకుంచాలో నీకు తెలుసు, నాకు చెప్పింది నువ్వే. దొరతో ఒక్క ముక్క అనలేకపోయావా?"

"పెద్దవాళ్లతో మనకెందుకే. నోరు మూసుకుని అన్నం తిను."

"నువ్వు అనకపోతే నేనంటా," అంది కూతురు. ఆ పిల్లకు గొంతు పెద్దది. గుట్ట మీద మేకను పిలిస్తే వాగు అవతల మేక కూడా తలెత్తేది. చేటమ్మ అమ్మమ్మ పోలికని అందరూ నవ్వేవాళ్లు.

మర్నాడు సరిగ్గా కునుకు వేళ ఆ పిల్ల గడి ముందు నిలబడి, నిండు గొంతుతో అరిచింది. "దొరా! కుక్కలు మొరుగుతున్నాయి కాబట్టే తోడేళ్లు రావడం లేదు. నోళ్లు మూయిస్తే అవే వస్తాయి!"

దొర లేచాడు. కోప్పడలేదు. నవ్వాడు కూడా. "ఎంత గొంతే నీది! ఇంత గొంతు ఈ చిన్న ఊళ్లో ఎక్కడ పడుతుంది చెప్పు? కనుమ అవతల లోకం పెద్దది, అక్కడికి పో," అన్నాడు. కనుమంటే రెండు గుట్టల మధ్య ఉన్న ఇరుకుదారి. అది దాటి పోయినవాడు తిరిగి వచ్చింది లేదు.

ఆ పిల్లను సాగనంపడానికి ఊరంతా చేరింది. దొర చేటమ్మ వంక తిరిగాడు. "కన్నదానివి, నువ్వేమంటావు?" అని నెమ్మదిగా అడిగాడు. కూతురు కూడా తల్లి మొహంలోకే చూస్తోంది. చేటమ్మ చేతిలో ఖాళీ చేట ఉంది.

"అలాగే దొరా," అంది చేటమ్మ.

అంత గొంతున్న పిల్ల, ఒక్క మాట అనకుండా, వెనక్కి తిరిగి చూడకుండా కనుమ దాటిపోయింది. తిట్టిపోసినా ఆ తల్లికి కడుపు అంత కాలేది కాదు.

దొరకు చప్పట్ల పరీక్ష ఎంత నచ్చిందంటే, ఆ ఉగాదికి మనుషుల మీదా మొదలుపెట్టాడు. ఏటా ఉగాది నాడు ఆ ఏటి పనికి ఎవరిని పెట్టుకోవాలో దొర ఎంచేవాడు. జనం వరసగా నిలబడితే, వెనక నుంచి వచ్చి చెవి పక్కన టప్పున చప్పట్లు కొట్టేవాడు. గిరుక్కున తిరిగి కళ్లలోకి చూసినవాణ్ణి కనుమ దాటించేవాడు. ఉలిక్కిపడి ఏడ్చినవాణ్ణీ దాటించేవాడు. తల వంచి నవ్వినవాడు నిలిచేవాడు. నిలిచినవాళ్లు నిలిచినవాళ్లనే పెళ్లాడారు, వాళ్లకు నవ్వే పిల్లలే పుట్టారు.

ఏళ్లు గడిచాయి. కుక్కలు మారడం మొదలైంది. దొర అడిగింది మొరగొద్దని ఒక్కటే. కానీ ఒకటి ఏరితే దాని కొంగు పట్టుకుని పది వస్తాయి. నిక్కిన చెవులు నాలుగైదు ఈతల్లో వాలిపోయాయి. కత్తిలా ఉండే తోకలు చుట్టలు చుట్టుకున్నాయి. మూతులు పొట్టివయ్యాయి. ఒంటినిండా తెల్ల మచ్చలు, బొల్లి మచ్చలు. ఈ మచ్చలు వెయ్యమని ఎవరూ అడగలేదు, ఈ చెవులు వంచమని ఎవరూ చెప్పలేదు. దొరసాని మాత్రం మురిసిపోయి, ఎంత ముద్దుగా ఉన్నాయో అని ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుంది.

పాతికేళ్లకు ఊళ్లో ఒక్క కుక్కకూ మొరగడం రాదు. మొరగకూడదని కాదు, రాదు. నోరు తెరిస్తే గాలి వచ్చేది. మనుషుల సంగతి నన్నడగకండి. వాళ్ల చెవులు వాలాయని నేను చెప్పను గానీ, మెడలు మాత్రం వంగే ఉండేవి.

అదే పాతికేళ్లూ గుట్టల మీద కూడా ఒక చేట ఆడుతూనే ఉంది. ఆ చేటను ఆకలి పట్టుకుని చెరుగుతుంది. దానికి ముద్దూ లేదు, ముచ్చటా లేదు. తొందరపడ్డ తోడేలు కర్రదెబ్బకు పోయింది. అరిచిన తోడేలు అరుపుకే దొరికిపోయింది. చీకట్లో దిగినవి కాపలావాళ్ల కాగడాలకు చిక్కాయి. మిగిలిందెవరయ్యా అంటే, ఎండలో దిగినవి. సరిగ్గా దొర కునుకు వేళ, ఊళ్లో ఎవరూ గొంతెత్తకూడని వేళ దిగినవి. దొర కట్టడి వాటికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆ వేళకు దిగినవే తిన్నాయి, తిన్నవే పిల్లల్ని కన్నాయి.

మొదట ఒక గొర్రెపిల్ల పోయింది. తప్పిపోయిందన్నారు. తర్వాత రెండు పోయాయి. తప్పిపోయాయన్నారు. ఎముకలు దొరికితే మట్టి కప్పి తప్పిపోయాయన్నారు.

ఆ రోజుల్లోనే ఒక ఈతలో అది పుట్టింది. చేటమ్మ అప్పటికి ముసలిదై, చూపు మందగించి, చేతివాటం కొద్దీ పని లాగిస్తోంది. ఏడు పిల్లలు. చప్పట్లు కొట్టింది. ఆరు తోకలాడాయి. ఏడోది నాలుగు కాళ్లూ కూడదీసుకుని లేచి, రెండు చెవులూ నిక్కబొడిచి, ఆమె మొహంలోకి చూసి గుర్రుమంది. ఆడపిల్ల. ఇన్ని ఈతల తర్వాత, ఇన్ని నోళ్లు వాగు పాలు చేశాక, ఆ పాత నెత్తురు ఏ సందులో దాక్కుందో, ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆ దేవుడికే తెలియాలి.

చేటమ్మ దాన్ని వాగుదాకా తీసుకుపోయింది. నీళ్లలో చెయ్యి పెట్టింది. చేతిలో ఉన్నది ఊరుకోలేదు, మూడు వారాల ముద్ద, బొటనవేలు పట్టి కొరికింది. ముసలిది ఆ నొప్పికి కాదు గానీ అక్కడే బండ మీద కూలబడి, పాతికేళ్ల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది. నోరు కొంగుతో మూసుకునే ఏడ్చిందనుకోండి, మధ్యాహ్నం కదా.

ఆమె గుడిసె వెనక జొన్నలు దాచే పాతర ఒకటి ఖాళీగా ఉంది. భూమిలో తవ్విన గొయ్యి, పైన బండ. దాన్ని అందులో దాచింది. తన ముద్దలో సగం దానికి పెట్టింది. కునుకు వేళ అయ్యేసరికి చీరపేలిక మూతికి చుట్టి, పక్కనే కూర్చుని నిమిరేది. "ఉండవే నా తల్లీ, ఉండు. నీ నోరు నీకే ఉంచుతాను. ఒక్కదాన్నైనా బతికించుకుంటాను. అది ఎదురుపడి అడిగితే చూపించడానికి నాకు ఒక్కటైనా ఉండాలి," అనేది. అది అంటే కనుమ దాటిన కూతురని చెప్పక్కరలేదు. ఆ ముసలిదానికి ఇంక ఈ లోకంలో వేరే కోరిక లేదు, ఆ కుక్క బతకాలి, దాని కడుపు పండాలి, మొరిగే పిల్లలు నాలుగు ఈ ఊళ్లో మళ్లీ పుట్టాలి.

ఏడాది తిరిగింది. చేనుగట్టున చెట్టుకు ఉయ్యాల కట్టి, పసివాణ్ణి పడుకోబెట్టి, ఒక తల్లి కలుపు తీస్తోంది. తోడేలు ఎండలో తాపీగా నడిచొచ్చింది. ఉయ్యాల కింద రెండు కుక్కలున్నాయి. రెండూ తోకలాడించాయి. తల్లి తలెత్తి చూసింది. చూసి నోరు తెరిచింది. కునుకు వేళని గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది. పరిగెత్తింది గానీ చప్పుడు చెయ్యకుండా పరిగెత్తింది. అప్పటికి ఉయ్యాల ఊరికే ఊగుతోంది.

ఆ సాయంత్రం పదిమంది చేటమ్మ గుడిసెకొచ్చారు. బిడ్డ పోయిన తల్లి ముందుంది. "అవ్వా, మొరిగే కుక్కలుండేవట కదా ఒకప్పుడు. ఒక్కటైనా లేదా?" అని కాళ్లు పట్టుకుంది.

చూపిస్తే ఏమవుతుందో, చూపించకపోతే ఇంకెంతమంది పిల్లలు పోతారో. చివరికి చేటమ్మ లేచి పాతర మీది బండ జరిపింది. నిక్కిన చెవుల కుక్క బయటికి దూకి, పదిమందినీ చూసి ఒక్కసారి మొరిగింది. అందరూ మూడడుగులు వెనక్కి వేశారు. సగం మందికి అసలు ఆ చప్పుడేమిటో తెలియదు.

"ఇది మధ్యాహ్నం కూడా మొరుగుతుందా?" అని ఒకడు భయంగా అడిగాడు.

"తోడేలు ఎప్పుడొస్తే అప్పుడు మొరుగుతుంది నాయనా. అది నీ వేళ చూసుకోదు, దొర వేళ చూసుకోదు," అంది చేటమ్మ. "రేపు మంద దగ్గర కట్టేస్తాను. అది మొరిగితే మీరు కర్రలు తీసుకుని పరిగెత్తుకు రావాలి. వస్తారా?"

పదిమందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తలలు వంచారు. నవ్వారు. "అలాగే అవ్వా," అన్నారు. ఆ మాట తన నోట వచ్చినప్పుడు ఎలా ఉండేదో చేటమ్మకు అప్పుడు తెలిసింది. అయినా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది?

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చింది. దొర పట్టెమంచం ఎక్కాడు. మూడు తోడేళ్లు గుట్ట దిగాయి, నాలుగోది బూడిదరంగు ఆడది, గట్టు మీద బండెక్కి కూర్చుంది. మందలోని కుక్కలన్నీ తోకలాడించాయి. చేటమ్మ కుక్క ఒక్కటే లేచి, తాడు తెంచుకుని, గొర్రెలకూ తోడేళ్లకూ మధ్య నిలబడి మొరిగింది. అబ్బ, ఏం మొరుగుడది! మూడు గుట్టలూ తిరిగి పలికాయి. తోడేళ్లు ఆగిపోయాయి. వాటి తల్లులెవరూ వాటికి ఆ చప్పుడు గురించి చెప్పలేదు.

ఇళ్లలోంచి జనం కర్రలు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. చేటమ్మ కళ్లు చెమర్చాయి. వచ్చారు, మాట తప్పలేదు అనుకుంది. కుక్క కూడా ఒకసారి వెనక్కి చూసింది. మనవాళ్లే. ఇంక వెనక భయం లేదనుకుని, వాళ్లకు వీపు పెట్టి, తోడేళ్ల మీదికి ఇంకో అడుగు వేసింది.

మొదటి దెబ్బ వెనక నుంచి నడుము మీద పడింది.

"ఊరుకోవే, ఊరుకో, దొర లేస్తాడు," అంటోంది కొట్టేది. బిడ్డ పోయిన తల్లే. తిట్టడం లేదు, బతిమాలుతోంది, బతిమాలుతూనే కొడుతోంది. తక్కిన వాళ్లూ అందుకున్నారు. చేటమ్మ ఆపమని అరవబోయింది. ఇన్నేళ్లుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. నోరు తెరిస్తే గాలి వచ్చింది. కుక్క చివరిదాకా తోడేళ్ల వైపే మొహం పెట్టి మొరిగింది. కర్ర నెత్తిన పడ్డాక ఆగిపోయింది.

గడి అరుగు మీంచి దొర అడిగాడు. "ఏమిటర్రా ఆ చప్పుడు?"

"ఏం లేదు దొరా," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఆ రోజు మూడు తోడేళ్లూ పదకొండు గొర్రెల్ని కొట్టాయి. బండ మీద కూర్చున్న బూడిదరంగుది మాత్రం దిగలేదు. అంతా చూస్తూ కూర్చుంది. ఆ ఆడ తోడేలుకు పుట్టుకతోనే తోక కాస్త వదులు, ఊరికే ఊగుతుండేది. గుట్ట మీద ఉండగా అదొక అవిటితనం. కోపం చూపించాల్సిన చోట కూడా ఊగే తోకను ఏ తోడేలు లెక్క చేస్తుంది? తోడేళ్ల మంద దాన్ని ఎప్పుడూ చివరికే తిననిచ్చేది.

మర్నాడు అది ఒంటరిగా ఊళ్లోకి నడిచొచ్చింది. తోక ఊగుతూనే ఉంది. ఒకడు చూశాడు, ఇద్దరు చూశారు. "ఎవరి కుక్కో పాపం, నోట్లో నాలుక లేదు," అన్నారు. ఒకామె సంకటి ముద్ద వేసింది. అది నెమ్మదిగా తిని, వెళ్లి మందకు వేసిన ముళ్లకంచె పక్కన పడుకుంది. గొర్రెలు ముందు బెదిరాయి, తర్వాత అలవాటు పడ్డాయి. రోజుకొకటి తప్పిపోవడం కూడా అలవాటే కదా.

చలి తగ్గి ఎండలు ముదిరేనాటికి అది కంచె కింద ఈనింది. అదే వారంలో దొరసాని ముద్దు కుక్కా ఈనింది. రెండు ఈతలకూ ఒకేసారి ఇరవై ఒకటో రోజు వచ్చింది. దొర ఆనాడు స్వయంగా చేట దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆయన కూడా పండిపోయాడు, కానీ చేతుల్లో ఓపిక ఉంది. చేటలో ఒకవైపు అయిదు మచ్చల పిల్లలు, ఒకవైపు నాలుగు బూడిదరంగువి.

దొర వంగి టప్పున చప్పట్లు కొట్టాడు.

మచ్చల పిల్లలు కాస్త తడబడి, తర్వాత తోకలాడించాయి. బూడిదరంగువి ఉలిక్కిపడలేదు. నాలుగూ తలెత్తి దొర చేతుల వంకే చూశాయి, తోకలు సన్నగా ఊగాయి. నోటి వెంట చప్పుడన్నది లేదు.

"ఆహా!" అన్నాడు దొర. "పాతికేళ్ల పైనుంచి ఏరుతున్నాం, ఇంత నిమ్మళమైనవి ఎప్పుడైనా చూశామటే? చేటమ్మా, ఈ నాలుగూ నా మంచం పక్కన పెరగాలి. ఇంక ఈ జాతే ఉండాలి ఊళ్లో. ఆ మచ్చలవి వాగులో వేసెయ్."

చేటమ్మ బూడిదరంగు పిల్లనొకదాన్ని మెడ తోలు పట్టి ఎత్తింది. వేలితో పెదవి తోసి చూసింది. చూపు తగ్గినా వేళ్లకు జ్ఞాపకం పోలేదు. అప్పుడే మొలిచిన తోడేలు పళ్లు ఆమె వేలిని తడిమి, కొరక్కుండా వదిలాయి. పాతర పిల్ల వాగు దగ్గర కొరికిన బొటనవేలే అది. ముసలిది ఆ పిల్లను భద్రంగా దొర ఒళ్లో పెట్టింది.

చుట్టూ జనం తల వంచుకుని నిలబడ్డారు. కర్రలు పట్టిన ఆ పదిమందీ ఉన్నారు.

"చూశావుగా, ఏమంటావు?" అని అడిగాడు దొర. వెనకటికి ఒకసారి అడిగినంత నెమ్మదిగా అడిగాడు.

"అలాగే దొరా," అంది చేటమ్మ.

ఆ గొంతు విని జనం ఉలిక్కిపడ్డారు. గుట్ట మీద మేక తలెత్తేంత గొంతు. ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో మరి.

మచ్చల పిల్లలున్న చేటను చంకన పెట్టుకుని ఆమె వాగుకు నడిచింది. వాగు దగ్గర ఆగలేదు. మోకాటి లోతు నీళ్లు దాటి, రొప్పుకుంటూ, కూర్చుంటూ లేస్తూ గుట్టెక్కి కనుమ చేరింది. అప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. కింద ఊరు కునుకులో ఉంది. కనుమ అవతల దారి ఒక్కటే కనిపిస్తోంది, మనిషి జాడ లేదు.

చేటను నేల మీద దింపి, ముందు కూర్చుని, పిల్లల నెత్తిన చప్పట్లు కొట్టింది. అయిదు తోకలూ ఆడాయి. కాసేపాగి మళ్లీ కొట్టింది. తోకలు ఆడాయి. "ఒక్కటైనా, మీలో ఒక్కటైనా గుర్రుమనండే," అంది. వాలిన చెవులతో అవి ఆమె మొహంలోకి సంతోషంగా చూశాయి.

కింద ఊళ్లోంచి ఏ చప్పుడూ రాలేదు. ముసలిది ఆ వైపు తిరగలేదు. చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుని, మళ్లీ చప్పట్లు కొట్టింది.